ఉల్లిగడ్డతో ప్రయోగశాల తలుపు తెరిచిన కమలాబాయి గారు

1991 జూలై 8, సోమవారం నాడు మేడ్చల్‌లోని మన డిగ్రీ కళాశాల రసాయనశాస్త్ర ప్రయోగశాలలో అటెండరుగా శ్రీమతి కమలాబాయి గారు విధులలో చేరారు. అప్పటికి వారి చదువు ఏడవ తరగతి, అదీ తెలుగు మాధ్యమంలో. సీసాల మీద పేర్లన్నీ ఆంగ్లంలో ఉండటంతో మొదటి వారం ఇబ్బంది పడ్డారు. ఎవరినీ విసిగించకుండా ఒక్కో సీసా మెడకు ఒక్కో రంగు దారం కట్టుకుని, పచ్చదారం గంధకామ్లమనీ, ఎర్రదారం నత్రికామ్లమనీ గుర్తుపెట్టుకుని, ఒక్క సీసా కూడా తారుమారు కాకుండా పని నడిపించారు. సంవత్సరం తిరిగేసరికి ఆ దారాల అవసరం తీరిపోయింది.

1998లో ఎల్లేష్ అనే విద్యార్థి చేరాడు. పోలియో సోకిన కాళ్లకు ఇనుప పట్టీలు. నిలబడితే పది నిమిషాలకు మించి ఓర్చుకోలేడు, కూర్చుంటే బల్ల గడ్డానికి తగులుతుంది. రెండు వారాలు గమనించిన కమలాబాయి గారు ఒక శనివారం వడ్రంగిని పిలిపించి, మూలనున్న బల్ల కాళ్లను ఆరంగుళాలు కోయించారు. సోమవారం ఎల్లేష్ హాయిగా కూర్చుని ప్రయోగం చేశాడు. మంగళవారం వారికి కళాశాల ఆస్తిని పాడుచేశారన్న మెమో అందింది. దానికి వారిచ్చిన సంజాయిషీ ఒకే ఒక్క వాక్యం: "బల్ల పాడుగాలేదు సార్, పొట్టిగైంది." ఆ జవాబు చదివిన ప్రిన్సిపాల్ గారు నవ్వు ఆపుకోలేక మెమోను ఉపసంహరించుకున్నారని అప్పటి కార్యాలయ సిబ్బంది ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఉద్యోగం చేస్తూనే పదవ తరగతి, ఇంటర్మీడియట్ ప్రైవేటుగా ఉత్తీర్ణులై, 2003లో వారు ల్యాబ్ అసిస్టెంటుగా పదోన్నతి పొందారు. అయితే వారి సేవాజీవితంలో అత్యంత ఆనందదాయకమైన ఘట్టం 2012లో సంభవించింది.

తుర్కపల్లికి చెందిన తేజస్వి అప్పుడు బి.ఎస్సీ. రెండవ సంవత్సరం విద్యార్థిని. చిన్నప్పటి నుంచీ మందగిస్తూ వచ్చిన చూపు ఆ వేసవిలో పూర్తిగా పోయింది. శాఖాధ్యక్షులు శ్రీ చలపతిరావు గారు ఆ అమ్మాయినీ, తండ్రి గౌరయ్య గారినీ ప్రయోగశాలకు పిలిపించి ఎంతో మృదువుగా మాట్లాడారు.

"నీ మంచికే చెబుతున్నానమ్మా. ఆమ్లంలో క్షారం బొట్టుబొట్టుగా పోస్తూ రంగు మారే క్షణాన్ని కంటితో పట్టుకోవాలి. అది లేకుండా ప్రాక్టికల్ ఎలా గట్టెక్కుతావు? బి.ఏ.లో చేరితే సుఖంగా ఉంటుంది."

"సుఖం కోసం రాలే సార్," అంది తేజస్వి. "మా బాపు రోజూ మందుల కంపెనీ ల్యాబులకు క్యాబు నడుపుతడు. అందర్ని గేటు కాడ దింపి బయటనే కూసుంటడు. ఆ గేటు లోపలికి నేను పనికి వోవాలె."

గౌరయ్య గారు తల దించుకున్నారు. గ్రూపు మార్పు దరఖాస్తు బల్లమీద సిద్ధంగా ఉంది. అవతల తొట్టి దగ్గర గాజుసామాను కడుగుతున్న కమలాబాయి గారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"సార్, ఒక్క నెల ఆగున్రి. ఆ పిల్లతోని గిప్పుడే సంతకం వెట్టియ్యకున్రి."

"నెలలో ఏం మారుతుంది కమలాబాయి గారూ?"

"నాకూ ఎర్కలే సార్. జర సోచాయిస్త, ఏదన్న దారి దొరుకుతదేమో."

ఆ నెలలో ఇరవై రోజులు ఏ దారీ తోచక గడిచాయి. ఇరవయ్యొకటవ రోజున, భోజనంలోకి ఉల్లిగడ్డ ముక్కలు మూటగట్టి తెచ్చుకున్న గుడ్డపేలికను, ప్రయోగం చేయగా మిగిలిన పలుచని క్షారద్రావణంలో జాడించి చూస్తే ఉల్లి వాసన మచ్చుకైనా లేదు. అనుమానం వచ్చి ఉల్లి పులిమిన మరో పేలికను ఆమ్లంలో ముంచారు. వాసన ఎక్కడికీ పోలేదు. ఉన్నఫళాన చలపతిరావు గారి గదికి పరుగెత్తి, రెండు పేలికలూ వారి ముక్కుకు పట్టారు.

చలపతిరావు గారు రెండు పేలికలనూ మళ్లీ మళ్లీ వాసన చూశారు. "రంగు మారే చోటే ఉల్లి వాసనా పోతుంది. ఇది పదో తరగతి పుస్తకంలో ఉన్న సంగతేనండీ. ఏళ్ల తరబడి పాఠం చెబుతున్నాను, నాకు తట్టలేదు," అన్నారు.

మరునాటి నుంచి ప్రయోగశాల రూపమే మారిపోయింది. అధ్యాపకులందరూ వరుసగా నిలబడి ఉల్లిగడ్డలు తరిగారు. సరిగ్గా ఆ సమయానికి అటుగా వచ్చిన నాటి ప్రిన్సిపాల్ గారు, శాఖ యావత్తూ కన్నీరుమున్నీరవడం చూసి గుమ్మంలోనే ఆగి, కళ్లజోడు తీసి, గొంతు తగ్గించి అడిగారు:

"ఎప్పుడు పోయిన్రు?"

"ఎవ్వలు పోలే సార్," కళ్లు తుడుచుకుంటూ అన్నారు కమలాబాయి గారు. "ఉల్లిగడ్డ!"

ఇక కొలత సమస్య మిగిలింది. మందుల దుకాణంలో పెద్ద సిరంజి కొని, దాని పిడికి బ్లేడుతో అర మిల్లీలీటరుకొక గాటు చొప్పున కమలాబాయి గారే పెట్టారు. తేజస్వి వేలితో గాట్లు లెక్కపెడుతూ, ఉల్లి వేసిన ఆమ్లంలో క్షారం కలిపేది. ఉల్లి వాసన మాయమైన చోట ఆగేది. చలపతిరావు గారు విశ్వవిద్యాలయానికి మూడు ఉత్తరాలు రాసి, ఈ పద్ధతికి అనుమతినీ, అదనంగా ఒక గంట సమయాన్నీ సాధించారు.

మార్చిలో పరీక్షకు వచ్చిన బయటి పరీక్షకురాలికి అనుమతి పత్రం చూపినా నమ్మకం కలగలేదు. "వాసనతో మార్కులెలా వేయమంటారు?" అంటూ తేజస్వి పక్కనే నిలబడ్డారు. తేజస్వి మూడుసార్లు ప్రయోగం చేసి, మూడుసార్లూ "పదిన్నర" అని చెప్పింది. పరీక్షకురాలు అదే ఆమ్లాన్ని తీసుకుని, స్వయంగా రంగు చూసి కొలిచారు. పది పాయింటు మూడు మిల్లీలీటర్లు వచ్చింది; తేడా ఒక్క గాటు కూడా లేదు. ఆమె కళ్లు మూసుకుని తేజస్వి సీసాను తానూ ఒకసారి వాసన చూసి, మార్కుల కాగితం ముందుకు లాక్కున్నారు. తలుపు బయట నిలబడిన గౌరయ్య గారి దగ్గరకు కమలాబాయి గారు వెళ్లి, "పాసైంది అన్నా. ఏడ్వకు, మళ్ల ఉల్లిగడ్డ అనుకుంటరు," అన్నారు.

2017లో కళాశాలలో దివ్యాంగ విద్యార్థుల సహాయ కేంద్రం ఏర్పడినప్పుడు, సమన్వయ బాధ్యతలకు ఎవరి పేరు అనుకోవాలో చర్చే జరగలేదు. పరీక్షలు రాసిపెట్టే సహాయకులను వెదకడం, వినికిడి లేని పిల్లల కోసం గంటతోపాటు వెలిగే దీపం అమర్చడం, తరగతులను కింది అంతస్తుకు మార్పించడం వంటి పనులన్నింటికీ వారు ఒకే ప్రశ్నతో మొదలుపెట్టేవారు: "నీకేం గావాలె బిడ్డా, నువ్వే జెప్పు." తేజస్వి నేడు తుర్కపల్లిలోని ఒక ఔషధ పరిశోధనాలయంలో నాణ్యతా విభాగ ఉద్యోగిని. ఎల్లేష్ దుండిగల్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కళాశాలలో అధ్యాపకుడు.

ఈ 2025 జూలై 31న పదవీ విరమణ చేయనున్న కమలాబాయి గారిని, ఆ మర్నాటి నుంచి ఏం చేస్తారని అడిగితే, "ముప్పై నాలుగేండ్ల సంది పొద్దుగాల బస్సు కోసం ఉరుకుతున్న. ఇగ ఎనిమిది దాంక పండుకుంట. లేసి సల్లగ చాయ్ తాగుత," అన్నారు. వారికి ఆ నిండు నిద్ర, ఆ తీరికైన చాయ్, నొప్పులెరుగని మోకాళ్లు, మనుమలతో కలకలలాడే ఇల్లు, నూరేళ్ల ఆయుష్షు సమృద్ధిగా లభించాలని సహోద్యోగులందరం మనసారా ఆకాంక్షిస్తున్నాం. కళాశాల ఎప్పుడు గుర్తుకొచ్చినా రావాలి. అయితే ఆ రోజున గాజుసామాను కడగడానికి మేము వారిని తొట్టి దగ్గరకు పోనివ్వం. కుర్చీ వేసి కూర్చోబెట్టి, "మీకేం గావాలె కమలమ్మా, మీరే జెప్పున్రి" అని అడుగుతాం.