ఎలైషా వార్డెన్ ఎడమ చెయ్యి

అమెరికాలో, వాషింగ్టన్ దగ్గర షాంటిలీలో ఆదిశేషు గారి డైనింగ్ టేబుల్ నిండా ఆఖరి ప్రూఫులు పరిచి ఉన్నాయి. రెండు వందల ముప్ఫై ఏళ్ళ కిందట కనెటికట్‌లో రాగి రేకుల మీద బొమ్మలు చెక్కి అచ్చువేసిన ఎలైషా వార్డెన్ జీవితం మీద ఆయన ఆరేళ్ళుగా రాస్తున్న పుస్తకం అది. ఐదింటికల్లా ప్రెస్‌కి పంపాలి. ఆయన భార్య పద్మిని గారికి ఓపిక మధ్యాహ్నమే అయిపోయింది.

"ఎడం చేత్తో చెక్కాడని రాశారా మీరు?"

"రాశాను. పేజీ నూట పన్నెండు."

"ఎడం చేత్తో."

"అవును, ఎడం చేత్తో. కుడిచెయ్యి విరిగిన మనిషి ఇంకే చేత్తో చెక్కుతాడు పద్మినీ?"

"ఏవండీ, ఆ ఉత్తరం టైప్ చేసింది నేను. పదిహేడు వందల తొంభై ఒకటి, జనవరి. బోస్టన్‌లో ఉన్న తమ్ముడికి రాయించాడు. మంచు మీద జారి మణికట్టు విరిగింది, చెంచా కూడా పట్టుకోలేకపోతున్నాను, ఈ ఉత్తరం నా భార్య మెర్సీ చేత రాయిస్తున్నాను అని."

"ఉంది. కాదన్నానా?"

"మే నెల దాకా కట్టు విప్పలేదు. ఆ నాలుగు నెలల్లో ఐదు రేకులు చెక్కి ఇచ్చాడు."

"అదే కదా గొప్పతనం. చాప్టర్ పేరే అది పెట్టాను, 'ఒంటిచేత్తో' అని."

"రాగి మీద చెక్కడం అంటే గోడకి సున్నం కొట్టడం కాదండీ. బొమ్మంతా తిరగేసి చెక్కాలి, అద్దంలో కనపడినట్టు. ఉలి కొంచెం జారితే రేకు మొత్తం పోతుంది. ఇది నేను చెప్పే మాట కాదు, మీ మొదటి చాప్టర్‌లోదే."

"రెండో చాప్టర్."

"మొదటిదాంట్లోకి నేనే మార్చాను."

"ఎప్పుడు?"

"నవంబర్‌లో. చదివి బాగుందన్నారు."

"ఓహో."

"ముప్ఫై అయిదేళ్ళు హాస్పిటల్ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ చూసినదాన్ని. పక్కపక్కనున్న రెండు గీతల్లో తేడా ఉంటే నాకు తెలుస్తుంది. ఆ ఐదు బొమ్మలూ వేరే మనిషివి. గీతలు దగ్గర దగ్గరగా ఉన్నాయి, కొసకొచ్చేసరికి సన్నబడి ఆగుతున్నాయి. ఎలైషా అలా ఆపడు. కొస దగ్గర గట్టిగా నొక్కేస్తాడు."

"ఎడం చెయ్యి కదా, బలం ఉండదు."

"మరి ఆ తర్వాత పదేళ్ళూ అవే గీతలు. పక్షుల బొమ్మలన్నీ అవే. కుడిచెయ్యి బాగయ్యాక కూడా ఎడం చేత్తో ఎందుకు చెక్కుతాడు?"

"అలవాటు పడుంటాడు."

"ఏవండీ."

"ఏంటి?"

"పోయిన ఫిబ్రవరిలో మీరు ఇంటి ముందు డ్రైవ్‌వేలో జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంటే..."

"ఇప్పుడు దాని సంగతెందుకు?"

"ఎడం చేత్తో పళ్ళు తోముకోడం మీకు ఎన్నాళ్ళకి అలవాటైంది?"

"నాకు డెబ్బై నాలుగు. ఆయనకి ముప్ఫై."

"అలవాటే కాలేదు. పేస్ట్ అంతా చొక్కా మీదే. ఆ చొక్కాకి బొత్తాలు పెట్టింది నేను. ఇడ్లీ చిదిపి ఇచ్చింది నేను."

"ఇచ్చావు. కాదన్నానా?"

"ఆ రెండు నెలల్లో ఎన్ని చాప్టర్లయ్యాయి?"

"గుర్తులేదు. రెండో మూడో."

"నాలుగు. ఆరు నించి తొమ్మిది దాకా."

"నేను చెప్పాను, నువ్వు టైప్ చేశావు."

"మీరు పెయిన్ టాబ్లెట్ వేసుకుని సోఫాలో నిద్రపోయేవారు."

"నిద్ర కాదు. కళ్ళు మూసుకుని ఆలోచించేవాణ్ణి."

"గురక పెట్టి మరీ."

"పద్మినీ, నువ్వేదో మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నావు."

"మెర్సీ గురించి మాట్లాడుతున్నాను. ఆ రేకులు చెక్కింది ఆవిడే."

"ఆధారం ఏది? ఒక్క రేకు మీదైనా ఆవిడ సంతకం ఉందా? మూల మీద ఏముంది? 'ఇ. వార్డెన్ చెక్కెను.' అంతే. నాకున్నది సివిల్ ఇంజినీరింగ్ డిగ్రీ, హిస్టరీ కాదు. ఒక్క తప్పు దొరికితే చాలు, రిటైరైన ముసలాయన పొద్దుపోక రాసుకున్నాడంటారు. నా భయం నీకు తెలీదు."

"తెలుసు. సంతకం ఉంటేనే చేసినట్టా?"

"చరిత్రలో అంతే."

"ఇంట్లో?"

"ఇంట్లో ఏంటి?"

"ఏం లేదు. కృతజ్ఞతల పేజీ తీయండి."

"దాంట్లో తప్పులేం లేవు, చూశాను."

"ఇరవై రెండు పేర్లున్నాయి. లైబ్రరీలో పుస్తకాల బండి తోసిన అతనున్నాడు. పులిహోర తెచ్చిన మీ ఫ్రెండ్ ఫణి ఉన్నాడు."

"నా టాక్‌కి హాల్ ఇప్పించాడు ఫణి. పులిహోరకి కాదు."

"నేను ఆఖర్న ఉన్నాను."

"ఆఖర్న వేయడమే మర్యాద. భార్యని ఎవరైనా ఆఖర్నే వేస్తారు. ఏం రాశానో చదువు."

"'ఈ ఆరేళ్ళూ ఓపికగా టీ పెట్టి ఇచ్చిన నా శ్రీమతి పద్మినికి.'"

"బాగుంది కదా."

"నేను టీ పెట్టి పదేళ్ళయిందండీ. ఈ ఇంట్లో టీ పెట్టేది మీరు."

"అది... మాటవరసకి రాశాను."

"ఆరేళ్ళూ ప్రతి మంగళవారం వాషింగ్టన్ లైబ్రరీకి డ్రైవ్ చేసింది నేను, ఊరి చుట్టూ తిరిగే ఆ బెల్ట్‌వే హైవే అంటే మీకు భయం కాబట్టి. ఆ పాత చేతిరాత మీకు చదవడం రాదు. మూడొందల ఉత్తరాలు ఒక్కొక్క అక్షరం పట్టుకుని నేను చదివాను. టీ అట, టీ. నాకు బాధగా ఉంది. కోపంగా కూడా ఉంది."

"ఇన్నాళ్ళూ ఒక్కసారైనా అనలేదేం?"

"మీరు ఒక్కసారైనా అడగలేదేం? పోనీలెండి. పేజీ తిప్పండి, టైమైపోతోంది."

"ఆగు. ఆ చాప్టర్ తొమ్మిది... నేను మొదటిసారి చదివినప్పుడు, ఇంత బాగా ఎప్పుడు చెప్పానా అనుకున్నాను."

"అనుకుని?"

"అనుకుని ఊరుకున్నాను. తప్పే. కవర్ మీద నీ పేరు వేయమందాం."

"మీ ఇష్టం."

"ఇష్టమే. ఆదిశేషు, పద్మిని. కాదు కాదు, నీ పేరే ముందు. మెర్సీ సంగతి కూడా నువ్వు చూసింది చూసినట్టు రాద్దాం. ఎవరేమన్నా అననీ."

"నిజంగానే అంటున్నారా?"

"నిజంగానే. నాలుగున్నరే కదా అయింది, ఎడిటర్‌కి ఇప్పుడే మెయిల్ పెడతాను. ఆ లాప్‌టాప్ ఇటివ్వు. నా పాస్‌వర్డ్ ఏంటి?"

"అక్కర్లేదండీ. పొద్దున్నే వెళ్ళింది మెయిల్."

"ఎవరు పంపారు?"

"మీరే. మీ మెయిల్స్ అన్నీ ఎవరు రాస్తారు? 'ఈ పని సగానికి పైగా నా భార్యది, ఆమె పేరు ముందు వేయండి, ఇన్నాళ్ళూ చెప్పనందుకు సిగ్గుపడుతున్నాను' అని రాసి, కింద మీ పేరు పెట్టారు."

"మరి మధ్యాహ్నం నించీ నాతో ఈ గొడవంతా ఎందుకు?"

"నోటితో కూడా అంటారేమో చూద్దామని."

"అన్నాను కదా. ఆ ఎడిటర్ ఆవిడ ఒప్పుకుందా?"

"వెంటనే. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంత పెద్ద మనసున్న మగవాణ్ణి చూడలేదట. మీ ఉత్తరమే ముందుమాటగా వేస్తామంది, మీ సంతకంతో."