బొత్తాలు లేని గౌను

జోంగుల్‌దాక్ అనే టర్కీ బొగ్గుగనుల ఊళ్ళో, పనిమంతుడన్న గౌరవంతో అందరూ ఉస్తా అని పిలిచే హాలిస్ కుట్టుకొట్టు. కొత్త కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు లాయరు నెజ్దెత్. గోడ గడియారంలో నాలుగుంబావు.

"కదలకండి లాయరు గారూ, గుండుసూది గుచ్చుకుంటుంది."

"నేనెక్కడ కదిలాను ఉస్తా? నువ్వే ఆ ఒక్క భుజం దగ్గర తచ్చాడుతున్నావు. ఆరింటికల్లా పార్టీ నాయకుడు చౌరస్తాలో దిగుతాడు. రేపు అభ్యర్థుల జాబితా. ఇవాళ ఆయన కంట్లో పడాలి నేను."

"పడతారు, పడతారు. అర్జీ ఆ బల్ల మీద పెట్టాను. పెన్ను కూడా పెట్టాను."

"చూశాను."

"చూస్తే చాలదు కదండీ. శిక్ష పడి ఇవాళ్టికి ఏడోరోజు. ఐదింటికి కోర్టు తలుపు మూసేస్తారు. ఈలోగా అప్పీలు పడకపోతే మా అబ్బాయి తున్‌జాయ్‌కి ఎనిమిదేళ్ళు ఖాయం."

"నాకు చెప్తావేంటి? మీవాడి కేసు వాదించింది నేనేగా!"

"అందుకే అడుగుతున్నాను. ఒక్క సంతకం."

"చెయ్యి ఎత్తనా?"

"ఎత్తండి. సంతకం, లాయరు గారూ."

"తగలబడిన గోదాము ఎవరిది? చెప్పు."

"మీ పార్టీ జిల్లా అధ్యక్షుడిది."

"మరి? సమ్మెలో అది తగలబెట్టినవాడి తరఫున నేను సంతకం పెడితే, ఆరింటికి నన్ను ఆ వేదిక ఎక్కనిస్తాడా?"

"మావాడు తగలబెట్టలేదు."

"లేదు."

"ఏమన్నారు?"

"తగలబెట్టలేదన్నాను. నాకు తెలుసు. ఇంక వదిలెయ్."

"తెలిసి కూడా—"

"నన్ను అంకారా పార్లమెంటుకి వెళ్ళనీ ఉస్తా. చట్టమే మార్పిస్తాను. ఒక్క తున్‌జాయ్ కాదు, అలాంటివాళ్ళు వందమంది బయటికొస్తారు."

"నాకున్నది ఒక్కడేనండీ."

"వేరే లాయర్ని చూసుకోవలసింది."

"చూడలేదనుకున్నారా? కొత్త వకాల్తా జైల్లోంచి వచ్చేసరికి గడువు దాటిపోతుందన్నారు. పోనీ, మీ అమ్మాయి బెర్రిన్‌కి చెప్పండి. తనూ లాయరేగా."

"దాని జోలికి పోకు! కోర్టు మెట్లెక్కి ఆర్నెల్లు కాలేదు. దాని సంతకమంటే నా సంతకమే అనుకుంటారు వాళ్ళు. తెలిసిందా?"

"తెలిసింది."

"బొత్తాం కుట్టు. నాయకుడి ముందు కోటు తెరుచుకుని నిలబడితే పొగరనుకుంటాడు."

"బొత్తాం... ఇరవైరెండేళ్ళ కిందట మీ నల్లగౌను నేనే కుట్టాను. తెలీక మూడు బొత్తాలు పెట్టాను, గుర్తుందా? 'తెంపెయ్ ఉస్తా, లాయరు గౌనుకి బొత్తాలుండవు, మేం ఎవరి ముందూ పెట్టుకోం' అన్నారు."

"చిన్నతనం."

"ఆ గౌనులోనే కదండీ గని కూలిన కేసు గెలిచారు. పదకొండుమంది ఆడవాళ్ళు మీ చెయ్యి కళ్ళకద్దుకున్నారు."

"అన్నట్టు, ఆ గౌను నీ దగ్గరే ఉందిగా, చిరుగుకి మాసిక వెయ్యడానికిచ్చాను. పార్టీ ఆఫీసులో అద్దాల చట్రంలో పెడదామంటున్నారు. ఇచ్చెయ్."

"చూద్దాం లెండి."

"చూసేదేముంది?"

"ముందు ఈ బొత్తాం కానివ్వండి."

"టైమెంత?"

"నాలుగున్నర దాటింది. లాయరు గారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"లే ఉస్తా! నీ వయసేంటి, నువ్వు చేసే పనేంటి! లే ముందు!"

"వాళ్ళమ్మ గుమ్మంలో కూర్చుని ఉందండీ. పొద్దుట్నించీ ముద్ద ముట్టలేదు. వెళ్ళి ఏం చెప్పను?"

"ఎన్నికలయ్యాక చూస్తానన్నానని చెప్పు."

"అయ్యాక ఇంకేం అప్పీలు? అయ్యాక ఇంకేముంటుంది? చివరిసారి అడుగుతున్నాను. పెట్టరా?"

"పెట్టలేను."

"పెట్టలేరా, పెట్టరా?"

"ఉస్తా, దణ్ణం పెడతాను. దారం తెంపు. నన్ను వెళ్ళనీ."

"తెంపాను. ఇదిగో, బొత్తాం కుట్టడం అయింది. నిండుగా ఉంది."

"గౌను?"

"లేదు."

"లేకపోవడమేంటి? ఎవరికిచ్చావ్?"

"చేతులు నాలుగు వేళ్ళు తగ్గించాను. భుజాలు కొంచెం లోపలికి పట్టాను. పొద్దున్నే తీసుకెళ్ళింది మీ అమ్మాయి."

"బెర్రినా! దానికెందుకు?"

"మీ వకాల్తాలన్నిట్లో రెండో పేరుగా తనని రాయించింది మీరేగా. ఇంకో అర్జీ తన దగ్గరుంది. 'మా నాన్న వస్తారు ఉస్తా, ముందు ఆయన సంతకమే ఉండాలి. ఐదుకి పది నిమిషాల ముందు దాకా చూస్తాను, రాకపోతే నాది పెట్టి లోపలిచ్చేస్తాను' అంది. కోర్టు గుమ్మంలో నిలబడింది."

"ఇందాకట్నించీ చెప్పవేం? నన్నిక్కడ నిలబెట్టి, ఈ ఏడుపూ, కాళ్ళు పట్టుకోవడమూ, అంతా నాటకమా?"

"నాటకం కాదండీ. మీరు ఆపేస్తారని ముందే చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. మావాడి కోసం మీకు తెలీకుండా ఆ పిల్ల ఒక్కతే మునగడం ఎందుకని మిమ్మల్ని అంతలా అడిగాను."

"టైమెంత? ఉస్తా, టైమెంత?"

"ఐదుకి ఎనిమిది నిమిషాలుంది. ఈపాటికి తన సంతకం పెట్టేసి ఉంటుంది. కోటు విప్పుతారా, లాయరు గారూ?"