స్వాన్‌బోర్గ్ కత్తికి పదును

"గొప్ప కోసం చెప్పట్లేదు గానీ, స్వాన్‌బోర్గ్ కత్తికి పదును పెట్టింది నేనే," అన్నాడు హాఫ్లిది, వేడినీళ్ల తొట్టిలో మెడదాకా మునిగి.

స్వాన్‌బోర్గ్ ప్రధానమంత్రి పదవి వదిలేసిందని పొద్దున్నే రేడియోలో చెప్పారు. ఊరి ఈతకొలను దగ్గర అందరిదీ అదే మాట. ఆరుబయట ఉన్న ఆ తొట్టిలో మేం నలుగురం: హాఫ్లిది, వాళ్ల వదిన ఓడ్నీ, బెర్గుర్ మాస్టారు, నేను. తలల మీద మంచు పడుతోంది.

"చేపల ఫ్యాక్టరీలో మా ఇద్దరిదీ ఒకే బల్ల. చలికి ఆవిడ చేతులు వణికేవి, కత్తేమో మొద్దు. నేనే నూరి ఇచ్చేవాణ్ణి. ఓ రోజు మేనేజరు కాఫీ విరామం తీసేశాడు. మాట్లాడు పిల్లా అన్నాను. ముందు తల తీసెయ్, తర్వాత ముల్లు తియ్యి, చేపైనా మాటైనా అంతే అన్నాను. లేచి మాట్లాడింది. అరగంటలో కాఫీ వచ్చింది, ఏడాదిలో ఆవిడ పార్లమెంటుకి పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పక మానవుగా," అంది ఓడ్నీ.

"ప్రధాని అయ్యాక, మన చేపల మీద కన్నేసి ఓ పెద్ద దేశం యుద్ధనౌకని పంపింది. ఆవిడ నాకు ఫోన్ చేసింది. నువ్వు పడుకో, నేను చూసుకుంటా అన్నాను. నా చిన్న పడవేసుకెళ్లి గాలం వేశాను. పడిందయ్యా ఓ చేప! దాన్ని పైకి లాగేసరికి సముద్రం రెండు బారలు దిగిపోయి, నౌక బురదలో కూలబడింది. కెప్టెన్ నడిచొచ్చి తప్పయిపోయిందని చెప్పి, ఓ ముక్క అడిగి పట్టుకెళ్లాడు."

"మిగతా చేప?" అన్నాడు మాస్టారు.

"ఇంకా తింటున్నాం. అది కాదు, రెండో ఎన్నికల రోజున కొండ నిప్పులు కక్కబోయింది. మళ్లీ నాకే ఫోను. ఏం చేస్తాం, వెళ్లి ఆ బిలం మీద కూర్చున్నా. ఓట్ల లెక్క పూర్తయ్యేదాకా లేవలేదు. మంత్రి పదవి ఇస్తానంది. గొర్రెల్ని ఎవరు చూస్తారని వద్దన్నా. ఇప్పటికీ ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. దేశం సంగతులు రెండు నిమిషాలే. మిగతాదంతా ఆ బల్ల గురించే, ఆ చలి గురించే."

చివరి మాటలకి అతని గొంతు తగ్గింది.

"ఆదివారాలు మీ ఇంట్లో వంట నాదే కదయ్యా," అంది ఓడ్నీ మెల్లగా. "ఆ ఫోను మోగగా నేనెప్పుడూ వినలేదు. నువ్వే రిసీవరెత్తి ఆవిడ నంబరు తిప్పుతావు. ఆరు అంకెలు తిప్పి పెట్టేస్తావు. ముప్పై ఏళ్లుగా ఏడోది తిప్పవు. మన టెలిఫోను పుస్తకంలో పాలవాడి పేరూ ఉంటుంది, ప్రధానమంత్రి పేరూ ఉంటుంది. ఎవరైనా చెయ్యొచ్చు."

నవ్వబోయిన మాస్టారు ఆగిపోయాడు.

"ఆవిడంటే నాకు ఇష్టం వదినా," అన్నాడు హాఫ్లిది నీళ్లకేసి చూస్తూ. "ఏడోది తిప్పితే ఆవిడ ఎత్తుతుంది. ఎత్తి, ఎవరండీ అని అడిగితే?"

ఓడ్నీ అతని తల మీది మంచు దులిపింది.

"కత్తికి పదును పెట్టినవాణ్ణని చెప్పు. నువ్వు చెప్పినవాటిలో నిజం అదొక్కటే."