షిగెజో పంటికి తెలిసిన చలి

ఊరి స్నానశాలలో వేడినీళ్ల తొట్టిలోంచి లేచి, తువ్వాలు మెడకి చుట్టుకుని, చల్లటి పాలసీసా చేతబట్టాడంటే, కోతలు కోయకుండా షిగెజోని ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ సాయంత్రం అతని స్నేహితుడు ఇవావో ఆపడానికే వచ్చాడు. పోయిన చలికాలం వీళ్లిద్దరి కొడుకులూ ఒకే పడవలో చేపల వేటకి వెళ్లారు. పడవ తిరిగి రాలేదు. రేవులో రాయి నిలబెట్టి వాళ్ల పేర్లు చెక్కించాలని అందరూ అనుకున్నారు గానీ, షిగెజో ఒప్పుకోనిదే ఉలి పడదు. పేరు చెక్కితే కొడుకు పోయినట్టేనంటాడు.

"నా ముందుపన్ను చచ్చిందన్నారు," అంటున్నాడు షిగెజో. "పట్నం డాక్టరు దాన్ని తొలిచి, లోపలి కుళ్లంతా కడిగి, నా రక్తమే తీసి జున్నులా గడ్డకట్టించి అందులో పెట్టాడు. దోసతీగకి పందిరి వేస్తామే, అదీ సంగతి. ఆ పందిరి పట్టుకుని లోపల కొత్త కండ పాకింది. కొన్నాళ్లాగి మంచుముక్క ఆనించి చూశాడు. జివ్వుమంటే పన్ను బతికినట్టు, ఊరుకుంటే చచ్చినట్టు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎగిరి డాక్టరు ఒళ్లో పడ్డాను."

"నిన్న గుమ్మం దాకా ఎగిరానన్నారు," అంది గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఉమెనో.

"అది రెండోసారమ్మా. ఆ కండ ఊరుకుందా? పాకుతూనే ఉంది. మంచు పడబోతోందని ముందే చెప్పేది. తర్వాత రేవు దాటింది. ఎక్కడో ఉత్తరాన హొక్కైడోలో ఎవడు ఐసు పగలగొట్టినా ఇక్కడ నా పన్ను లాగేది. ఇప్పుడు సముద్రం అడుగున ఏ చేప వణికినా నాకు తెలిసిపోతుంది."

"చేపలు వణుకుతాయా?"

"నీకు అలాంటి పన్ను లేదు గనక తెలీదు."

అందరూ నవ్వారు. షిగెజో గొంతు తగ్గించాడు.

"రాత్రంతా నా పన్ను సముద్రమంతా వెతుకుతుందిరా ఇవావో. మనవాళ్లు ఆ చలిలో లేరు. ఉంటే జివ్వుమనదూ? నా నవోకీ, మీ హిడెటో, ఎక్కడో వెచ్చగా ఉన్నారు."

ఇవావో మనసు ఆ మాట వెంట పరిగెత్తింది. ఇంకాసేపు కోతలు కోయనిద్దామనిపించింది. కానీ ఇంటిదగ్గర భార్య, చెయ్యి ఆనించి ఏడవడానికి ఒక రాయైనా లేదా అని రోజూ అడుగుతోంది. అదే చెబుదామని తలెత్తితే పాలసీసా కనిపించింది. ఐసులోంచి తీసిన సీసా. మాట మాటకీ షిగెజో దాని అంచుని ఆ ముందుపంటికే ఆనిస్తున్నాడు, ఒక్కసారీ ఉలిక్కిపడటం లేదు.

"షిగే," అన్నాడు మెల్లగా. "ఇందాకట్నుంచీ సీసా ఆ పంటికే తగులుతోందిరా."

షిగెజో నవ్వబోయి ఆగాడు. సీసా వంక చూశాడు. కళ్లు మూసుకుని మళ్లీ ఆనించాడు, ఈసారి గట్టిగా, చాలాసేపు. ఉమెనో మొహం తిప్పుకుంది.

సీసా కిందపెట్టి, అరచేత్తో మూతి తుడుచుకున్నాడు.

"మావాడి పేరు మీవాడి పక్కనే చెక్కించరా," అన్నాడు. "నవోకీకి చలెక్కువ."