ఐసు గదిలో ఒక మాట

మీ తాత సంగతా? రెండు ముక్కల్లో తేల్చేస్తాను, కూర్చో. ఆయన కట్టుకున్నది మా అక్కని, అందుకని నాకు బావ. మా అక్క కోపం ఎలాంటిదంటే... సరే, ఇప్పుడది వద్దులే. బావది ఐసు ఫ్యాక్టరీ. ఊళ్ళో మొత్తం నాలుగుండేవి. మిగతా మూడింటి యజమానుల్లో ఒకాయన మీసాలాయన, ఒకాయన నిద్రమొహం, ఇంకొకాయన ఎవరేమన్నా "అదేగా నేననేదీ" అనేవాడు. ఆయన అసలు పేరు వాళ్ళావిడకైనా తెలుసో లేదో. ఏటా ఎండలు ముదరగానే నలుగురూ బావ ఐసు గదిలో దూరి, శాలువాలు కప్పుకుని, ఐసు దిమ్మల మీద గోనెపట్టాలు పరుచుకుని కూర్చునేవారు. ఆ ఏడు దిమ్మ ఎంతకమ్మాలో అక్కడే తేలేది. ఐసు గదే ఎందుకంటావా? బయటైతే వాదన సాయంత్రందాకా సాగేది. అక్కడ పళ్ళు టకటకలాడుతుంటే పావుగంటలో అందరూ ఒక మాట మీదికొచ్చేవారు.

తప్పు కాదా అంటావేంటమ్మాయ్? ఆ రోజుల్లో ధరలు చూసే ఇన్‌స్పెక్టరే వచ్చి, "అందరిదీ ఒకటే రేటా? భేష్, జనానికి గందరగోళం ఉండదు" అని ఆ రేటు బోర్డు మీద రాయించి, తనే మేకు కొట్టించి తగిలించి వెళ్ళాడు. ఇరవయ్యేళ్ళకి కొత్త చట్టమొచ్చింది, దాంతోపాటు ఓ ఆఫీసరమ్మ వచ్చింది. "కూడబలుక్కుని ధర పెట్టడం నేరం" అంది. బావ చేతులు కట్టుకుని, "అమ్మా, ఆ బోర్డు తగిలించింది మీ ఆఫీసువాళ్ళే" అన్నాడు. "మంచిది, సాక్ష్యానికి పనికొస్తుంది" అని పీకి పట్టుకెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, అందరికన్నా ముందొచ్చి ఒప్పుకున్న ఒక్కరికి మాత్రం జరిమానా ఉండదని చెప్పింది.

బావకా, ఆ ఫ్యాక్టరీ తప్ప వేరే బతుకుతెరువు లేదాయె. ఇంకొకడైతే మర్నాడే చడీచప్పుడు లేకుండా వెళ్ళి ఒప్పేసుకునేవాడు. మనవాడు మిగతా ముగ్గుర్నీ ఐసు గదికి పిలిచాడు! "మనలో ఎవరు ద్రోహం చేద్దాం?" అని చర్చ. నిద్రమొహం కూడా ఆ రోజు మేలుకునే ఉన్నాడు. చలికి ఎక్కువసేపు ఆగలేక చీటీలేశారు. బావ పేరొచ్చింది. "నువ్వెళ్ళిరా, మాకు పడేది నలుగురం పంచుకుందాం" అన్నాడు మీసాలాయన. "అదేగా నేననేదీ" అన్నాడు ఆయన. జరిమానా అంటే సైకిలుకి లైటు లేకపోతే వేసేపాటిదనుకున్నారు పాపం. బావకి ఆలస్యమవుతుందని జీపులో ఆఫీసు గుమ్మందాకా దింపొచ్చింది కూడా వాళ్ళే.

తీర్పొచ్చింది. ముగ్గురికీ ఫ్యాక్టరీలు అమ్ముకున్నా తీరనంత జరిమానా పడింది. బావ మాటమీద నిలబడే మనిషి, ఆఫీసరమ్మ దగ్గరికెళ్ళి నా వంతు నేనిస్తానన్నాడు. "మళ్ళీ నలుగురూ కూడబలుక్కున్నారా? ఇంకో కేసు పెట్టనా?" అందావిడ. ఈయన డబ్బుతో సహా వెనక్కొచ్చేశాడు.

ఏడాది తిరక్కుండా ఆ మూడు ఫ్యాక్టరీలూ మూతపడ్డాయి. ఆ ఎండాకాలం ఊరికంతటికీ ఐసు బావ దగ్గరే. రేటు రెట్టింపు చేశాడు. చేపల బజారువాళ్ళంతా వెళ్ళి మొత్తుకుంటే ఆఫీసరమ్మ వచ్చి, ఐసు గదిలో ఒక్కడే శాలువా కప్పుకుని కూర్చున్న మనిషిని చూసి, "ఈయన ఎవరితో కూడబలుక్కున్నట్టు?" అని కేసు లేదని రాసి వెళ్ళిపోయింది.

ఆ కిటికీ కాస్త వెయ్యమ్మాయ్, ఎండ కళ్ళలో పడుతోంది.