గడ్డి చీటీల ప్రోగ్రాం

రెండువేల మూడు, కరువు. పశువులున్న రైతులకు సర్కారు చీటీల మీద గడ్డి ఇస్తోంది. మండలాఫీసులో కంప్యూటరు ఆపరేటరుగా ఉన్న నందిని దగ్గరికి ఆమె తండ్రి, ఊరిపెద్ద హనుమంతరాయుడు వచ్చాడు.

“రామప్పకు గడ్డి చీటీ ఎవురియ్యమన్నారు నిన్ను?”

“నేనియ్యలేదు నాయనా. లిస్టులో ఉండాడు, వచ్చింది.”

“వచ్చిందంటే? నడుచుకుంటా వచ్చిందా?”

“చిన్న ప్రోగ్రాం రాసినా. పశువుల లెక్క అందులో ఎక్కిస్తే పేరు పేరుకూ చీటీ అదే తయారు చేస్తాది. మున్నూట పన్నెండు చీటీలు పది నిమిషాల్లో అయిపోయినాయి.”

“పోయినేడు నేను చేత్తో రాసినా గదా. ఎవురన్నా అడిగినారా?”

“అడగలేదు. చీటీ రాక రామప్ప నాలుగు ఎద్దుల్లో రెండిట్ని తోలుకొని కదిరి సంతకు పోయినాడు. కోతకు అమ్మి, ఉత్త పలుపులు భుజాన వేసుకొని వచ్చినాడు. మన వాకిట్లోనుంచే పోయినాడు, నువ్వు చూడలేదా?”

“ఓట్లప్పుడు వాడు ఎవురి జెండా పట్టుకొని తిరిగినాడు? అది చూసినావా నువ్వు?”

“ఎద్దులు ఓటెయ్యవు కదా.”

“నోరు ముయ్. ఈ ఉద్యోగం ఎవురిప్పిచ్చినారు నీకు?”

“నువ్వే.”

“ఎవురూ?”

“నువ్వే నాయనా. దినాం చెప్తానే ఉండావు.”

“అయితే విను. నేను పద్నాలుగు పేర్లు చెప్తా. ఆ పేరొస్తే చీటీ రాకూడదు. అట్ల రాయొచ్చా, రాయకూడదా?”

“రాయొచ్చు. ఒక్క లైను.”

“మరి రాయి.”

“రాయను.”

“ఏమన్నావు?”

“రాయనన్నా. నిన్న ఇంకో లైను రాసినా.”

“ఏం లైను?”

“నువ్వు చేత్తో రాసిన పాత చీటీలన్నీ ఎక్కిచ్చినా. పశువులు లేకుండానే గడ్డి తీసుకున్నోళ్ల పేర్లు వేరే కాగితంలోకి రావాలని రాసినా.”

“నీకెవురు చెప్పినారు ఆ పని?”

“ఎవురూ చెప్పలేదు.”

“వచ్చినాయా పేర్లు?”

“నాయనా, మన కొట్టంలో ఆవును కట్టేసి ఎన్నేండ్లాయె?”

“అడిగింది చెప్పు. ఎన్ని పేర్లు వచ్చినాయి?”

“ఒక్కటే.”

“చింపెయ్. ఆ కాగితం యాడుండాది? తే ఇట్ల.”

“పొద్దున్నే ఆఫీసు గోడకు అంటిచ్చినా. బయట గుంపుగా నిలబడి చదువుతాండారే, దాన్నే.”