పూజ అని రాసుకున్న పని

హలో… ఆ, నేనేనమ్మా, గురుమూర్తిని. హొసకోటె కోల్డ్ స్టోరేజి గురుమూర్తిని… అవునమ్మా, మీ ఎంబీఏ పిల్లోళ్ళకి మిషన్ రూము చూపించినోణ్ణే.

హర్షిత మేడమే కదా?… క్లాసులో ఉండారా? లేదమ్మా, తర్వాత అంటే కుదరదు. స్వల్ప బయటికి రండి.

…

వచ్చినారా? సరే. మొదట ఒకటి చెప్పండి. దీపక్ బాబు ఆడనే ఉండాడా, మా ఓనరు కొడుకు?… ఉండాడా, దేవుడు మేలు చేసినాడు. ఎనిమిదిసార్లు చేసినా, స్విచాఫ్… ఓ, ఫోన్లన్నీ బుట్టలో పెట్టించినారా. ఈ పొద్దే వాళ్ళు ప్లాను చెప్పేదా? దేని గురించి?… మా ప్లాంటు గురించే?

…రామా.

ఏం లేదమ్మా. ఎండలో నిలబడుండా. ప్లాంటు గేటు బయట ఉండా. నన్ను లోపలికి రానీరు.

మీకు తెలీదా? నన్ను తీసేసి ఇరవై రెండు రోజులమ్మా… అయ్యో, మీరు తీసేయమన్నారని ఎవరన్నారు? ప్లాను కాగితాలు పెద్ద ఓనరే నా చేతిలో పెట్టినాడు. 'చూడు గురుమూర్తీ, నేను కాదు, చదువుకున్నోళ్ళు చెప్పినారు' అని. నాది ఎస్సెస్సెల్సీ, పదో క్లాసు. మా నవ్య చదివి చెప్పింది, నా కూతురు. ఏ మిషను ఎప్పుడు తేవాల, ఏ పని ఎప్పుడు మానుకోవాల అని రాబోయే పదేండ్లకి ఇప్పుడే గీతలు గీసుండారు. బాగుండాది చూసేదానికి.

కాదమ్మా. నా పని కోసం చెయ్యలేదు ఫోను. స్వల్ప వినండి.

మా వదిన మునివెంకటమ్మ ప్యాకింగ్ హాల్లో ఉండాది చూడండి… ఆ, మీ పిల్లోళ్ళకి మజ్జిగ ఇచ్చిందే, ఆయమ్మే. పది గంటలకి నాకు ఫోన్ చేసింది. 'కండ్లు మండతాండాయి మరిదీ, గొంతు పట్టేస్తాండాది' అని. అందరూ దగ్గుతాండారంట. కొత్తగా మిరపకాయల లోడు దిగింది, దాని ఘాటే అంటాడంట సూపర్వైజరు రాజేశ్. మొగానికి గుడ్డ కట్టుకోండి అన్నాడంట.

…కావచ్చమ్మా. మిరపకాయే కావాలని నేనూ మొక్కుకుంటాండా. అయితే మిరపఘాటుకి ముందు తుమ్ములొస్తాయి. 'ఎవరైనా తుమ్ముతాండారా వదినా' అని అడిగినా.

ఒక్కరూ తుమ్మలేదంట.

…అదే. అమోనియా. చలి పుట్టించేదానికి ఆ పైపుల్లో పారేది అదే కదమ్మా, మీ పిల్లోళ్ళకి చెప్పినా. మిషన్ రూముకీ ప్యాకింగ్ హాలుకీ నడుమ ఒక్క గోడ. ఆ గోడ కాడి వాల్వు ఒకటి ముందునుంచే స్వల్ప కారే రకం. రోజూ చూసుకుంటా, బిగించుకుంటా వస్తుంటిని.

ఎట్ల చూసేదా?… అదేనమ్మా. ఆ కాగితాలు మీ చేతిలో ఉండాయా? పదకొండో పేజీ తీయండి… ఫోటోలో నేనే. చేతిలో పుల్ల, పొగ. కింద ఏమి రాసినారు?… చదవండి, పర్వాలేదు.

…ఆ. 'యంత్రాలకు రోజూ ధూపం వేసే ఆచారం. నలభై నిమిషాలు వృథా. మొదటి నెలలోనే మానిపించవచ్చు.' ఇంక నా పని రెండు మీటర్లు చూసేదే కదా, అది రాజేశ్ చూసుకుంటాడని నన్ను పంపించినారు. గ్యాసు కనిపెట్టే సెన్సర్లు రెండో సంవత్సరంలో పెడతారంట.

అది ధూపం కాదమ్మా. గంధకం పుల్ల. గంధకం పొగకి అమోనియా తగిలితే తెల్లగా మబ్బు మాదిరి లేస్తాది. ఏ కీలు కాడ తెల్లగా లేస్తే ఆడ కారతాండాదని లెక్క.

…

మళ్ళీ ఆ పేజీనే చదువుతాండారా?

తప్పు మీది ఒక్కరిదే అనడం లేదు. నాదీ ఉండాది. ముందు ఆంజనేయస్వామి పటానికి దీపం పెడతా. ఆ దీపంలోనే పుల్ల అంటించుకుంటా. నూటెనిమిది కీళ్ళమ్మా ఆ పైపులకి. కీలుకొక స్వామి పేరు చదువుకుంటా పోతా. కడాన పేరు మిగిలిందంటే ఏదో కీలు తప్పినట్టు, మళ్ళీ మొదటినుంచి. పద్దెనిమిదేండ్లుగా అట్లనే. దీపక్ బాబే అడిగినాడు, 'పూజనా అంకుల్?' అని. 'ఔనప్పా, పూజే అనుకో' అంటిని. ఆ పూట ఆ మాట నాకు గొప్పగా తోచింది.

పక్కన ఎర్ర ఇంకుతో 'మంచి పరిశీలన' అని ఉండాది, అది మీ చేతిరాతే కదా?… ఎత్తిపొడవడం లేదమ్మా, నా తల్లిలాంటోరు మీరు. ఊరికే అడుగుతాండా. అంతమంది పిల్లోళ్ళు వచ్చినారు. ఈయప్ప పటం ముందర నిల్చోకుండా, ఆ పుల్ల పట్టుకొని గోడసందుల్లోకి ఎందుకు దూరతాండాడని ఒక్కరికీ అనుమానం రాలేదా?

…ఏడవద్దండి. అది తర్వాత. బేగ దీపక్ బాబుని పిలవండి. చెప్తా ఉంటే మధ్యలోనే పిలవండి.

ఫైరింజనోళ్ళకి ఫోన్ చేసినా. బయల్దేరినామన్నారు. ఓల్డ్ మద్రాస్ రోడ్డు ట్రాఫిక్ సంగతి మీకు తెలీనిదా. రాజేశ్‌కి చేస్తే, 'పని పోయిన కడుపుమంటతో చెప్తాండారు' అంటాడు. ప్యానెల్లో పచ్చలైటు ఉండాది కదా అంటాడు. అది కరెంటు ఉండాదని చెప్పే లైటమ్మా. గాలి సంగతి దానికేమి తెలుసు?

వదిన వాళ్ళు ఎట్ల వస్తారు బయటికి? చల్లదనం పోతాదని షట్టరు దించి తాళమేసినారు. తాళంచెవి రాజేశ్ కాడ. ఇరవై ఆరుమంది ఆడోళ్ళు.

…పావుగంట నుంచి వదిన ఫోన్ ఎత్తడం లేదమ్మా.

…

హలో, దీపక్ బాబూ?… లేదప్పా, పని అడగడం లేదు. మేడం చెప్పినారా?… కోపం తర్వాత పడుదువు. ఇంకో ఫోన్ తీసుకొని రాజేశ్‌కి చెయ్యి. దీన్ని కట్ చెయ్యద్దు. షట్టరు ఎత్తమను.

…ముందు చెక్ చేసేది కాదు బాబూ. ముందు షట్టరు. చెక్ చేసేదానికి ఏముండాది ఆడ? నా గంధకం పుల్లల డబ్బా ఏం చేసినారు?… పటంతో పాటే? గుళ్ళో ఇచ్చేసినారా, పూజ సామాను అని.

…సరే. వదిలెయ్యి.

మోగుతాండాదా?… మళ్ళీ చెయ్యి.

…

ఇప్పుడూ ఎత్తలేదా. నాన్నగారు?… మీటింగులోనా.

బాబూ, ఒక్క పని చెయ్యి. ఈడ గేటు కాడ తిరుపాలు ఉండాడు. నీ మాటయితే వింటాడు. ఫోన్ ఇస్తాండా, చెప్పు. తిరుపాలూ, ఇదిగోప్పా, చిన్న ఓనరు… 'ఆ సార్, ఆ సార్' కాదు, ముందు గేటు తియ్యి!… ఊఁ. ఇట్లియ్యి ఫోను. పోయి నీ తువ్వాలు తడిపి తీసుకురా, ఇంకోటి ఉంటే అదీ. గడ్డపార కూడా.

…బాబూ, తీసినాడు గేటు… వద్దప్పా, అట్ల అనుకోవద్దు. నువ్వు అడిగితివి, నేను పూజ అంటిని. ఇద్దరమూ ఉండాము దాంట్లో. నిన్ను ఇంతున్నప్పటినుంచి చూస్తాండా. ఫోను మేడంకి ఇవ్వు.

మేడం… లేదమ్మా, మీరు రావద్దు. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి మీరు వచ్చేది ఎప్పుడు? మెయిన్ వాల్వు బయట ట్యాంకు కాడనే ఉండాది. అది మూస్తా. తర్వాత తాళం పగలగొట్టి షట్టరు ఎత్తుతాము, ఇద్దరమూ… వాసనా?

వస్తాండాదమ్మా. మీతో మాట్లాడే మొదట్లో లేదు. ఇప్పుడు గేటు కాడికే వస్తాండాది.

…భయం ఉండాది. ఎందుకు లేదంటా.

ఫోను తీసుకుపోను. గ్యాసు అంత నిండినాక ఆ గాలిలోకి ఫోన్లు తీసుకుపోకూడదు, నిప్పురవ్వకి అంటుకుంటాది. అది మాత్రం మీ పిల్లోళ్ళు సరిగ్గా రాసినారు.

ఈడ తిరుపాలు కుర్చీ మీద పెడతాండా. కట్ చెయ్యద్దు. క్లాసులోకి తీసుకుపోయి స్పీకర్లో పెట్టండి, పిల్లోళ్ళందరూ విననీ. షట్టరు లేస్తే చప్పుడు అయితాది. ఆడోళ్ళు బయటికొస్తాంటే తిరుపాలు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడు. పలికే గొంతులు ఇరవై ఆరు. లెక్క పెట్టుకోండి. రాజేశూ లోపలే ఉండాడు, వానితో ఇరవై ఏడు.

నాది కడాన వినపడాల.

…ఆ. స్వామి ఉండాడు.

తిరుపాలూ, ఇట్లియ్యి తువ్వాలు. దీన్ని కుర్చీ మీద పెట్టు… బోర్లించద్దప్పా! పైకి పెట్టు. వాళ్ళు వింటుండాల.